నేను చెయ్యని ఫోన్

దిల్‌సుఖ్‌నగర్ బస్టాండ్ వెనక సందులో నాకు ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. మాది గుంటూరు వైపు. నాన్న ఉద్యోగం కోసం ఇక్కడికి వస్తే, మేమంతా ఇక్కడివాళ్లమే అయిపోయాం. కంప్యూటర్లు వచ్చాక నేర్చుకునేవాళ్లు తగ్గిపోయి, మిషన్ల మీద గుడ్డలు కప్పి ఉంచుతున్న రోజుల్లో ఒక పొద్దున ఒకాయన లోపలికి వచ్చాడు. తెల్ల లుంగీ, మోచేతుల పైదాకా మడిచిన చొక్కా, భుజాన తువ్వాలు. బెంచీ మీద కూర్చుని, "ఒక అర్జీ కొట్టాలె, మాస్టారూ" అన్నాడు.

'మాస్టారూ' అనే మా వైపు మాటను ఆయన ఎక్కడో విని, నా కోసం తెచ్చిపెట్టుకున్నాడు. చివరిదాకా నన్ను అలాగే పిలిచాడు.

ఆయన కొత్తపేట పండ్ల మార్కెట్లో హమాలీల నాయకుడు. నల్గొండ తోటల నుంచి వచ్చే బత్తాయి లారీలు దించడానికి మీసాలు కూడా రాని వయసులో ఈ నగరానికి వచ్చాడు. ఆ రోజు అర్జీ మార్కెట్లో మంచినీళ్ల కుళాయి కోసం. ఆయన చెప్పింది నేను రాతలోకి మార్చి, కొట్టి, చదివి వినిపించాను.

"నేను గింత మంచిగ మాట్లాడిన్నా?" అని నవ్వాడు.

కుళాయి వచ్చింది. తర్వాత ఆయన కార్పొరేటర్ అయ్యాడు, ఆ తర్వాత ఎమ్మెల్యే. గెలిచిన వారం తిరక్కుండానే మళ్లీ అదే బెంచీ మీద కూర్చుని, "ఇగ దుకాణం బంజెయ్యి. నా దగ్గరికి రా. నా నోట్లెకెళ్లి ఒచ్చే మాటను కాయిదం మీద పెట్టేటోడు నాకు కావాలె" అన్నాడు. నేను మిషన్లు ఎవరెవరికో ఇచ్చేసి వెళ్లాను.

ఆయన ఆఫీసు మెయిన్ రోడ్డుకు దగ్గర్లోనే, ఒక బట్టల షాపు పై అంతస్తులో. పొద్దున్నే మెట్ల మీద జనం బారులు తీరేవాళ్లు. స్కూల్లో సీటు కావాలని, పింఛను ఆగిపోయిందని, వానకు నాలా పొంగి ఇంట్లోకి నీళ్లొచ్చాయని, అల్లుడు కొడుతున్నాడని. ఆయన ప్లాస్టిక్ కుర్చీలో వాళ్ల మధ్యనే కూర్చునేవాడు. ఎవర్నీ "ఎవరు నువ్వు" అని అడగడం నేను చూడలేదు. ఎప్పుడో రెండేళ్ల కిందట ఒక్కసారి వచ్చిన ముసలామెను కూడా, "ఏమవ్వా, నీ చిన్న మనుమరాలికి చెవుల నొప్పి తగ్గిందా?" అని అడిగేవాడు. ఆమె ముఖం వెలిగిపోయేది. నాకైతే ఆమె ఎవరో తెలిసేది కాదు, రిజిస్టరులో ఆమె వివరాలు రాసింది నేనే అయినా.

"రాసుకుంటె మర్శిపోతం మాస్టారూ" అనేవాడు. "నాకు సదువు రాకపాయె, అందుకే యాదుంటది."

అసెంబ్లీలో మొదటిసారి మాట్లాడిన రోజు నాకు బాగా గుర్తు. నాలాల మీద పలకలు వేయించాలని రెండు పేజీలు రాసిచ్చాను. పొద్దున్నుంచి కారులో దాన్నే వల్లె వేశాడు. సందర్శకుల గ్యాలరీలో నేను కూర్చుని చూస్తున్నాను. ఆయన లేచి, కాగితం తీసి, మొదటి వాక్యం సగం చదివి ఆగిపోయాడు. కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, "అధ్యక్షా, మా దిక్కు వాన పడ్డదంటె తల్లులు పిల్లల్ని మంచం మీదికెక్కిస్తరు" అని మొదలుపెట్టాడు. ఎవరో నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. బయటికి వచ్చాక, "నీ కాయిదం వేస్టు జేసిన, కోపానికి రాకు" అన్నాడు.

రెండుసార్లు గెలిచాడు. ఆ పదేళ్లు ఆయన గొంతు నాదే అనుకునేవాణ్ని. ఆయన మాటకు ఆఫీసర్లు లేచి నిలబడుతుంటే, ఆ మాటను ఫోనులో చెప్పే నాకూ కొంత గర్వం వచ్చింది. "సార్ చెప్పమన్నారు" అంటే చాలు, పని జరిగేది. అది నాకు అలవాటైపోయింది.

రెండోసారి పదవి ముగియడానికి ఇంకొన్ని నెలలుందనగా జరిగిందిది.

మూసారాంబాగ్‌లో ఉండే ఒక ఆటో డ్రైవర్‌కు కామెర్లు ముదిరి లివర్ దెబ్బతింది. ఎల్బీ నగర్‌లో ఒక చిన్న నర్సింగ్ హోంలో ఉన్నాడు. వాళ్లు ఇక మా వల్ల కాదు, పెద్ద దవాఖానకు తీసుకుపొమ్మన్నారు. పెద్ద దవాఖానలో బెడ్లు లేవంటున్నారు. అతని భార్య పొద్దున్నే వచ్చి మెట్ల మీద నిలబడింది. ముప్ఫై ఏళ్లు కూడా ఉండవు. నల్గొండ వైపు మనిషి. ఆయన అసెంబ్లీకి బయల్దేరుతున్నాడు. కారు దగ్గరే ఆమె మాట పూర్తిగా విన్నాడు.

"పరేషాన్ గాకు చెల్లె. నేను చెప్పిస్త" అని, నా వైపు తిరిగాడు. "మాస్టారూ, ఉత్తరం కొట్టియ్యి. సూపరింటెండెంట్‌కు ఫోన్ జెయ్యి. మీటింగుల ఉంటె మల్ల జెయ్యి, మల్ల జెయ్యి. ఈమె పేషెంట్‌ను తీస్కపోయేలోపు ఆయనకు ఎరుక గావాలె. ఉత్తరం ఒక్కటి సూపిస్తె ఆడ పక్కన పారేస్తరు."

"సరే సార్" అన్నాను.

ఉత్తరం కొట్టిచ్చాను. సంతకం చేసిన లెటర్‌హెడ్‌లు నా దగ్గర ఎప్పుడూ ఉండేవి. ఫోన్ చేశాను, ఎంగేజ్. మళ్లీ చేశాను. సార్ రౌండ్స్‌లో ఉన్నారు, పది నిమిషాలాగి చెయ్యమన్నారు. ఆ పది నిమిషాల్లో మా అమ్మాయి నుంచి ఫోన్ వచ్చింది. ఆ రోజు ఇంజినీరింగ్ కాలేజీలో రిపోర్ట్ చెయ్యడానికి ఆఖరి రోజు. ఆ సంగతి ఆయనకూ ముందే చెప్పి ఉన్నాను. ఒక సర్టిఫికెట్ ఇంట్లో మర్చిపోయామని, కౌంటర్ మూసేస్తారేమోనని ఏడుస్తోంది. నేను బ్యాగు తీసుకుని లేచాను.

ఆటో డ్రైవర్ భార్య తలుపు దగ్గరే ఉంది. ఉత్తరాన్ని రెండు చేతులతో పట్టుకుని ఉంది.

"సార్, చెప్పిండ్రా?"

"చెప్పానమ్మా. మీరు తీసుకెళ్లండి."

అంతే. అంత తేలిగ్గా వచ్చేసింది ఆ మాట. దారిలో చేద్దామనే అనుకున్నాను. అది అబద్ధమని కూడా అప్పుడు అనిపించలేదు, ఇంకో పావుగంటలో నిజమయ్యే మాటలా అనిపించింది. ఇంటికి వెళ్లి సర్టిఫికెట్ వెతికి, ఆటో పట్టుకుని కాలేజీకి చేరి, క్యూలో నిలబడి, చేతులు కట్టుకుని అందర్నీ బతిమాలుకుని, సాయంత్రానికి అమ్మాయి సీటు ఖాయం చేయించాను. ఇద్దరం బయటికి వచ్చి చెరుకురసం తాగాం. అప్పుడు గుర్తొచ్చింది. సూపరింటెండెంట్ ఆఫీసుకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఈపాటికి చేర్చుకునే ఉంటారులే అనుకున్నాను.

ఆరింటికి ఆయన అసెంబ్లీ నుంచి ఫోన్ చేశాడు. వేరే పనులేవో మాట్లాడి, చివర్న అడిగాడు.

"ఆ ఆటో అతని సంగతి చెప్పినవా?"

"చెప్పాను సార్."

మర్నాడు పదకొండు గంటలప్పుడు అతను పోయాడని కబురు వచ్చింది. బెడ్ ఇవ్వలేదు. వరండాలో స్ట్రెచర్ మీదే ఉంచారు. ఉత్తరం చూపిస్తే, సార్ వచ్చాక చూద్దాం, మాకైతే ఎవరూ చెప్పలేదన్నారు. అతను ముందే చాలా పాడైపోయి ఉన్నాడని, బెడ్ దొరికినా బతికేవాడు కాదేమోనని తర్వాత ఒక డాక్టర్ నాతో అన్నాడు. ఆ 'ఏమో'ను పట్టుకుని చాలా ఏళ్లు నడిచాను.

ఆయన వెంటనే బయల్దేరాడు. నేనూ ఎక్కాను. ఎక్కకుండా ఉండడానికి నాకు కారణం దొరకలేదు.

మూసీ వైపు దిగే సందులో ఒకే గది కిరాయి ఇల్లు. సందంతా షామియానా వేశారు. ఆటో స్టాండ్ వాళ్లు, బస్తీ వాళ్లు నిండుగా ఉన్నారు. ఆయన చెప్పులు విప్పి దండ వేయబోతుంటే ఆమె లేచింది. ఎవరో పట్టుకోబోతే తోసేసింది.

"అన్నా, నీ మాట మీద తీస్కపోయిన. ఫోన్ జేసిండ్రని చెప్తె తీస్కపోయిన. ఆడ ఎవ్వలకు ఎరుకలేదన్నరు. ఒక్క ఫోన్ జేస్తె నీ నోరు అరుగునా అన్నా? ఎవలు మర్శిండ్రు? చెప్పు, ఎవలు మర్శిండ్రు?"

ఆమె కళ్లు జనంలో వెతుకుతున్నాయి. నేను ఆయనకు రెండడుగుల వెనక ఉన్నాను. నా పక్కనే నలుగురైదుగురు ఆటో డ్రైవర్లు, తోటివాడు పోయిన కోపంలో ఉన్నారు. ఆయన ఒక్కసారి వెనక్కి తిరిగి నా ముఖం చూశాడు. ఎంతోసేపు కాదు. నా ముఖంలో ఏం కనిపించిందో, మళ్లీ అటు తిరిగాడు.

"నేనే చెల్లె" అన్నాడు. "మాస్టారును వద్దని, ఫోన్ నేనే జేస్తనన్న. మర్శిన. నా తప్పే."

ఆమె ఆయన చొక్కా పట్టుకుని గుంజింది. గుండీలు తెగాయి. ఆయన చేతులు కిందికి వదిలేసి అలాగే నిలబడ్డాడు. తిట్టినవన్నీ విన్నాడు. నేను నోరు తెరవలేదు. తెరుద్దామనుకున్నాను అని కూడా రాయలేను, ఎందుకంటే ఆ క్షణంలో నాకు కలిగింది ఊరట.

కారులో తిరిగి బయల్దేరాం. చైతన్యపురి దగ్గర సిగ్నల్ పడింది. తెగిన గుండీల చోట చొక్కాను చేత్తో మూసుకుంటూ, ముందుకు చూస్తూనే అడిగాడు.

"పాపకు సీటొచ్చిందా, మాస్టారూ?"

"వచ్చింది సార్."

"మంచిది" అన్నాడు.

ఆ రోజు ఎవరో ఫోనులో వీడియో తీశారు. ఎన్నికలొచ్చాక అది బయటికి వచ్చింది. ఎదుటి పార్టీవాళ్లు ఆటోలకు మైకులు కట్టి బస్తీ బస్తీలో వినిపించారు. "మర్శిన. నా తప్పే." ఆయన గొంతే, అదే రెండు ముక్కలు, కొత్తపేట నుంచి ఎల్బీ నగర్ దాకా. నేను ఆఫీసు కిటికీ మూసేస్తే, "తెరువు, గాలాడుతలేదు" అనేవాడు. వీడియోకు జవాబు చెప్పండి, ఏదైనా ప్రెస్‌మీట్ పెట్టండి అని పార్టీవాళ్లు ఎంత చెప్పినా వినలేదు.

ఓడిపోయాడు. వీడియో ఒక్కదానితోనే కాదు, ఆ ఏడు గాలి కూడా అటే ఉంది. అయినా మూసారాంబాగ్ పోలింగ్ బూత్‌ల లెక్క తేలినప్పుడు ఆయన తలెత్తలేదు. ఎప్పుడూ ఆయనవే అనుకునే ఓట్లవి.

ఆ మర్నాడు పొద్దున అలవాటు ప్రకారం ఆఫీసుకు వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. మెట్ల మీద ఎవరూ లేరు. తొమ్మిదయ్యాక ఒకతను వచ్చి, కొత్త ఎమ్మెల్యే ఆఫీసు ఎక్కడో తెలుసా అని అడిగాడు. ఆయన లేచి, బాల్కనీలోంచి దారి చూపించాడు.

తర్వాత ఆ ఆఫీసు ఖాళీ చేసి తుర్కయంజాల్‌లో ఉన్న సొంత ఇంటికి వెళ్లిపోయాడు. తర్వాతి ఎన్నికలకు పార్టీ టికెట్ ఇవ్వలేదు. నేను ఒక కోచింగ్ సెంటర్లో గుమస్తాగా చేరాను. ఆదివారాలు బస్సెక్కి సాగర్ రోడ్డు మీదుగా ఆయన్ని చూడ్డానికి వెళ్లేవాణ్ని. గుండె బలహీనపడింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. అంత గొంతున్న మనిషి మాటల మధ్య ఆగి ఊపిరి తీసుకుంటుంటే నేను తల పక్కకు తిప్పుకునేవాణ్ని.

అలాంటి ఒక ఆదివారం చెప్పేశాను. ఆయన భార్య వంటింట్లో ఉంది. "సార్, ఆ రోజు నేను ఫోన్ చెయ్యలేదు" అన్నాను.

ఆయన ఆశ్చర్యపోలేదు.

"ఎరుకనే."

"మరి ఎందుకు సార్ మీ మీద వేసుకున్నారు?"

"నీ దిక్కు చెయ్యి సూపిస్తె గా ఆటోవోళ్లు నిన్ను ఆడనే తొక్కి పెడుదురు. నన్నైతే ఏం జేస్తరు? ఓటుతోని కొడ్తరు." ఆయాసంగా ఊపిరి తీసుకున్నాడు. "కొట్టిండ్రు."

నేను ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. నా ఏడుపు అయ్యాక అన్నాడు.

"ఓడిపోయినందుకు నాకు రంది లేదు మాస్టారూ. కని, నేను మర్శేటోణ్ణని జనం అనుకుంటున్నరు. అది మాత్రం గుచ్చుకుంటది. నేను మర్శేటోణ్ణా?"

"కాదు సార్."

"నాకెందుకు చెప్తవ్? నాకు తెల్సు. పోయి గా చెల్లెకు చెప్పు. ఆమె తెల్సుకోవాలె, ఆమె పెనిమిటి ఎట్ల పోయిండో. నేను అబద్ధం చెప్పొచ్చిన. నువ్వు పోయి నిజం చెప్పు."

చెప్తానన్నాను. రెండు వారాల తర్వాత అడిగాడు, "పోయినవా?" అని. వచ్చే వారం వెళ్తానన్నాను. ఇంకోసారి అడిగాడు. అమ్మాయి పెళ్లి సంబంధం మాట్లాడుతున్నాం, అయ్యాక వెళ్తానన్నాను. ఆ తర్వాత ఆయన అడగడం మానేశాడు. నేను వెళ్లినప్పుడు కూర్చోమనేవాడు, టీ ఇప్పించేవాడు, వానల గురించి మాట్లాడేవాడు. ఆ విషయం మాత్రం ఎత్తలేదు. అలా ఎత్తకపోవడమే నాకు ఎక్కువ బాధగా ఉండేది.

మొన్న ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం, అన్నం తిని పడుకున్నవాడు లేవలేదు.

పార్టీ తరఫున ఇద్దరు వచ్చి దండ వేసి వెళ్లారు. పండ్ల మార్కెట్ ఇప్పుడు పెద్ద అంబర్‌పేట్ దాటి ఎక్కడికో పోయింది. అక్కడి నుంచి హమాలీలు ఒక డీసీఎం వ్యాన్‌లో వచ్చారు. సగం మంది నెరిసిన తలలవాళ్లు. వైకుంఠరథం వచ్చి ఆగి ఉన్నా వద్దన్నారు, మా భుజాల మీదే పోవాలన్నారు. వాళ్లు ఎత్తుకున్నప్పుడు నేనూ వెళ్లి ఒక పక్క పట్టుకోబోయాను. చెయ్యి ఆనించి, మళ్లీ తీసేశాను.

దినాలయ్యాక ఆమెను వెతుక్కుంటూ వెళ్లాను. ఆ కిరాయి ఇల్లు ఎప్పుడో ఖాళీ చేసింది. కొత్తపేటలో ఒక స్కూల్లో ఆయాగా పని చేస్తోందని పాత ఇంటివాళ్లు చెప్పారు. స్కూలు వదిలే వేళకు గేటు దగ్గర నిలబడ్డాను. చిన్నపిల్లల్ని ఒక్కొక్కర్నే తల్లుల చేతికి అప్పగించి, ఆఖరున బయటికి వచ్చింది. నన్ను గుర్తుపట్టింది.

"అన్న దగ్గర ఉంటుంటిరి గదా సార్ మీరు. అన్న పోయిండట గదా" అంది. ఆమె గొంతులో దుఃఖమూ లేదు, సంతోషమూ లేదు.

గేటు పక్కన సిమెంటు దిమ్మె మీద కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. అమ్మాయి ఫోను, క్యూ, చెరుకురసం, ఏదీ దాచలేదు. చెప్పడం అయిపోయాక కొంగు చివర వేలికి చుట్టుకుంటూ రోడ్డు వైపు చూసింది.

"గప్పుడు చెప్పలేకపోయినవు, సరే" అంది. సార్ అనడం మానేసింది. "అన్న బతికున్నప్పుడన్న చెప్పకపోతివి. రోజు తిట్టిన నేను. పొద్దుగాల లేస్తె ఆయన్నే తిట్టిన. ఆయన పోయిండంటె మా వాడకట్టోళ్లు సూడబోయిండ్రు. నేను పోలే. నా ఉసురు తాకిందని అన్న. నలుగుర్ల అన్న. గా మాటలన్ని ఇప్పుడు ఏం జేసుకోవాలె నేను?"

క్షమించమని అడుగుదామని వెళ్లినవాణ్ని, ఆ మాట నోట్లోనే ఉండిపోయింది.

ఆమె లేచింది. "ఆయన పెండ్లాం ఉన్నదా?"

"ఉన్నారు."

"ఆడికి పోదాం పా. నాకు చెప్పినట్టే ఆమెకు చెప్పు. నా ముందట చెప్పు."

ఎల్బీ నగర్ దాకా నడిచి, సాగర్ రోడ్డు బస్సెక్కాం. ఆమె ఆడవాళ్ల సీట్లో ముందు కూర్చుంది, నేను వెనక నిలబడ్డాను. దారంతా నా వైపు తిరగలేదు.

ఆయన భార్య ముందుగదిలో ఒక్కతే ఉంది. గోడకు ఆయన ఫోటో. ఆమెకు నా వెంట వచ్చింది ఎవరో తెలియలేదు. కూర్చోమని మంచినీళ్లు తెచ్చింది. నేను నిలబడే చెప్పాను. రెండోసారి చెప్పడం ఏమీ తేలిక కాలేదు. చెప్తున్నంతసేపూ ఆమె ఆయన ఫోటో వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు, ఒళ్లో ఉన్న తన చేతుల్నే చూసుకుంది.

"నాకు చెప్పలే" అంది చివరికి. "ఇన్నేండ్లు పక్కల ఉన్న, నాకు గూడ చెప్పలే. ఆయన మర్శిండనే నేను గూడ నమ్మిన. పదవి తలకెక్కిందయ్యా నీకు, లేకుంటె గట్లెట్ల మర్శినవ్ అని అన్న. ఒక్కసారి గాదు, ఎన్నోసార్లన్న. ఊకున్నడు. ఒక్కనాడు గూడ మారు మాట్లాడలే."

అప్పటిదాకా ఆమె కళ్లు తడి కాలేదు. అప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. స్కూలు ఆయా కుర్చీలోంచి లేచి, ఆమె పక్కన కింద కూర్చుని, "నేను గూడ అన్న అక్కా. నేను గూడ మస్తు అన్న" అంటూ ఆమె మోకాళ్ల మీద తల పెట్టింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు.

నన్ను వాళ్లు పొమ్మనలేదు, ఉండమనలేదు. కాసేపు గుమ్మం దగ్గర నిలబడి బయటికి వచ్చాను. బస్‌స్టాప్‌లో ఎండ ఇంకా తగ్గలేదు. రెండు బస్సులు వచ్చి వెళ్లాయి. ఎక్కాలని అనిపించక, ఎల్బీ నగర్ వైపు నడవడం మొదలుపెట్టాను.